9 నెలల బాబు బొమ్మలన్నీ విసిరేస్తున్నాడు, గిన్నెలే కావాలట! వయసుకు తగ్గ ఆటలు చెప్పండి

గోదారమ్మాయి (మియాపూర్, హైదరాబాద్)

అందరికీ నమస్కారమండి. మా బాబుకి పోయిన వారం తొమ్మిదో నెల నిండింది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. నేను ఇంట్లోంచే ఉద్యోగం చేసుకుంటాను, సాయానికి మా అత్తయ్యగారు ఉన్నారు. ఆన్‌లైన్‌లో "6 నుంచి 12 నెలలు" అని రాసున్న బొమ్మల పెట్టె ఒకటి తెప్పించాం. రింగులు, రంగు కప్పులు, బటన్ నొక్కితే పాట పాడే ఏనుగు. వీడు రింగు తీసుకుంటాడు, కాసేపు చప్పరిస్తాడు, కింద పడేసి నా మొహం చూస్తాడు. తీసిస్తే మళ్ళీ పడేస్తాడు. ఏనుగునైతే రెండ్రోజులు చూసి వదిలేశాడు. తీరా చూస్తే పాక్కుంటూ వంటింట్లోకి వచ్చేసి, కింద అరలో స్టీలు గిన్నెలు లాగి, మూతల్ని నేలకేసి బాదుతున్నాడు. కింద ఫ్లాటు వాళ్ళు వచ్చి "ఏం జరుగుతోందండీ పైన" అని అడిగి వెళ్ళారు.

వాట్సాప్ గ్రూపుల్లో అమ్మలందరూ రోజుకో యాక్టివిటీ పెడుతున్నారు. సెన్సరీ బిన్ (తాకి ఆడుకునే వస్తువులు నింపిన డబ్బా) అంటారు, ఫ్లాష్ కార్డులంటారు. చూస్తుంటే కంగారు పుడుతోంది. అత్తయ్యగారేమో "మేమేం చేయించామమ్మా, వాడే ఆడుకుంటాడులే" అంటారు. ఈ వయసుకి ఏం ఆడించాలి? రెండేళ్ళు వచ్చేదాకా ఎలా మార్చుకుంటూ వెళ్ళాలి?

విశాఖ_ఫిజియో

మీ బాబు ఆడట్లేదని ఎవరన్నారండీ? మీరు రాసిందంతా ఆటే. పట్టుకోవడం వాడికి ఎప్పుడో వచ్చేసింది. కావాలని వేళ్ళు విప్పి వదలడం మాత్రం ఈమధ్యే చేతనయింది. కొత్తగా చేతనైన పనిని పిల్లలు విసుగు లేకుండా చేస్తూనే ఉంటారు. పైగా పడేశాక మీ మొహం చూస్తున్నాడంటే ఆటలో మిమ్మల్ని కూడా కలుపుకున్నాడన్నమాట.

ఏనుగుని ఎందుకు వదిలేశాడంటే, అందులో వాడు చేసేదేమీ లేదు. నొక్కితే పాడేది అదే, ఆగేది అదే. గిన్నె అలా కాదు. నేలకేసి కొడితే ఒక మోత, మూతతో కొడితే ఇంకో మోత, తోస్తే గిరగిరా తిరుగుతుంది, బోర్లిస్తే లోపలున్నది మాయమవుతుంది.

ఇప్పుడు చేయదగినవి: ఒక వెడల్పాటి గిన్నె, అందులో వేసి తీయడానికి చెక్క గరిటె, ప్లాస్టిక్ గ్లాసు, గుడ్డ బంతి. వేయడం కంటే తీయడం ముందు వస్తుంది, కంగారు పడకండి. రింగు మీద చున్నీ కప్పి చూడండి. దాచిన వస్తువు కోసం వెతకడం సుమారుగా ఎనిమిది నెలల దగ్గర మొదలవుతుంది. చున్నీ లాగి రింగు తీసుకుంటే తర్వాత రెండు చున్నీలు పెట్టి ఒకదాని కింద దాచండి. రెండు దిండ్లు అడ్డం పెట్టి అవతల మీరు కూర్చుంటే ఎక్కి దాటతాడు. బంతి దొర్లించి, తిరిగి తొయ్యడం వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూడండి. భోజనం దగ్గర ఎత్తు కుర్చీ పళ్ళెంలో నాలుగు మెత్తటి అన్నం మెతుకులు విడివిడిగా పెట్టండి. మొదట అరచేత్తో ఊడ్చేస్తాడు. కొన్నాళ్ళకి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో మెతుకూ ఏరుకుంటాడు. అంత ఏకాగ్రతతో వాడు ఏనుగునెప్పుడూ చూసి ఉండడు.

ఫ్రిస్కో_తెలుగమ్మ (టెక్సాస్)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా పాపకి మూడో నెల. ఇక్కడ డాక్టరు రోజూ మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టమన్నారు. పడుకోబెట్టగానే ఏడుపు లంకించుకుంటుంది. వీడియో కాల్‌లో మా అమ్మ "పసిగుడ్డుని బోర్లా పడేస్తారటే, దానంతటదే పడుతుంది కదా" అని నా మీద కోప్పడుతోంది. ఎవరి మాట వినాలి? ఇంత చిన్నపిల్లకి అసలు ఆటంటూ ఉంటుందా?

అమలాపురం_అమ్మమ్మ

ఎందుకుండదు తల్లీ. మీ అమ్మని కోప్పడకు, వాళ్ళ రోజుల్లో వేరే అవసరం రాలేదు. కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డని కాళ్ళ మీద వేసుకుని నూనె రాసేవాళ్ళం. ముందు వెల్లకిలా, తర్వాత కాళ్ళ మీదే బోర్లా. వీపు రుద్దుతుంటే అదే తల ఎత్తి చూసేది. చేతులు గుండెల మీద అడ్డంగా వేసి తీయడం, కుడిచెయ్యి ఎడమకాలికి తగిలించడం, ఒక్కో వేలూ పట్టుకుని ఏదో ఒకటి కూనిరాగం తీయడం, ఇవన్నీ ఆటలే. స్నానం అయ్యేలోగా ఎంత కసరత్తో!

మా ఇళ్ళలో బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు పంచేవాళ్ళం. మొన్న మా మనవరాలు బోర్లా పడితే మా కోడలు బొబ్బట్లు చేసి వీధంతా పంచిపెట్టింది.

విశాఖ_ఫిజియో

@ఫ్రిస్కో_తెలుగమ్మ, అమ్మమ్మగారు చెప్పింది, మీ డాక్టరు చెప్పింది ఒకటే. ఇంకా పాకడం రాని పిల్లలు మెలకువలో రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 30 నిమిషాలూ ఒకేసారి కాదు. డైపర్ మార్చినప్పుడు ఒకటి రెండు నిమిషాలు, ఇంకోసారి ఇంకాసేపు. నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే.

నేల మీద ఏడిస్తే మీరు వెనక్కి వాలి కూర్చుని మీ గుండెల మీద వేసుకోండి. మీ మొహం చూడ్డానికి తల ఎత్తుతుంది. పుట్టిన కొత్తలో 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా కనబడుతుంది. పాలు తాగేటప్పుడు మీ మొహం ఉండేది సరిగ్గా అంత దూరంలోనే. అందుకే మొదటి మూడు నెలలూ వాళ్ళకి నచ్చే బొమ్మ మీ మొహమే. నాలుక బయటపెట్టండి, ఆగండి. అది "ఊఁ" అంటే మీరూ "ఊఁ" అనండి. మళ్ళీ ఆగండి. మనవాళ్ళు చాలామంది ఆ ఆగడం దగ్గరే తొందరపడి గబగబా మాట్లాడేస్తారు. పిల్లకి వంతు రాదు.

అనంతపురం_నాన్న

నాది కాస్త వేరే అభిప్రాయం. మా పాపకి 14 నెలలు. ఉద్యోగం వల్ల పొద్దున గంట, రాత్రి గంట మాత్రమే దొరుకుతుంది. అందుకని గోడ మీద చార్టు పెట్టినాను. సోమవారం బ్లాకులు, మంగళవారం రంగులు, రోజూ పది ఫ్లాష్ కార్డులు. "ఏనుగు ఏది?" అంటే కరెక్టుగా చూపిస్తుంది. అన్నం తినేటప్పుడు ఫోన్లో రైమ్స్ పెడితే కదలకుండా తింటుంది. ఊరికే "వాళ్ళే ఆడుకుంటారు" అని వదిలేస్తే మనకున్న ఆ కాస్త సమయం కూడా పోతుంది కదా?

కడప_అక్క

ఏమప్పా, పద్నాలుగు నెల్ల బిడ్డకి టైంటేబుల్ ఎందుకు? కార్డులో ఏనుగుని చూపిస్తే మీకు సంతోషం, బిడ్డకేముంది? మీ ఇంట్లో నిజం నిమ్మకాయ లేదా? చేతికిచ్చి చూడు. వాసన చూస్తది, దొర్లిస్తది, కొరికి మొహం ముడుచుకుంటది. మంచం కింద పోతే వంగి వెతుకుతది. ఆ గంటలో బిడ్డ ఏం చేస్తాంటే నువ్వు అది చెయ్. సోమవారం గోడ మీద బ్లాకులని రాసుండి, బిడ్డేమో నీ చెప్పులు తొడుక్కోవాలని చూస్తాంటే, ఆ పొద్దుకి చెప్పులే ఆట.

ఇంగ ఫోన్ సంగతి వేరేవాళ్ళు చెప్తార్లే, నేను చెప్తే కొట్లాటైతది.

విశాఖ_ఫిజియో

సరే, ఫోన్ సంగతి నేను చెప్తాను. భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సలహా ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు. బంధువులతో వీడియో కాల్స్ ఒక్కటే మినహాయింపు. రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకి గంట దాటకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. భోజనం దగ్గర మరీ వద్దు, ఎంత తిన్నదో పిల్లకే తెలీదు.

అనంతపురం గారి రెండు గంటల వాదనలో న్యాయం ఉంది. చార్టు పెట్టుకోవడం తప్పేం కాదు, అది మీకు ఆలోచనలు అందించడానికి. పిల్ల దాన్ని పాటించాల్సిన పనిలేదు.

ఫ్రిస్కో_తెలుగమ్మ

వీడియో కాల్ మినహాయింపని చదివి మా అమ్మకి చూపించాను, ఎంత సంతోషపడిందో! కెమెరా ముందు కొంగు మొహానికి కప్పుకుని, తీసి "బూ" అంటుంది. పాప ఇప్పటికైతే గొంతు వినబడగానే కాళ్ళు కొడుతోంది, అంతే. గుండెల మీద వేసుకోవడం పనిచేసింది, థాంక్సండి.

కరీంనగర్_టీచరమ్మ

నమస్తే అందరికి. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మూడేండ్లు నిండిన పిల్లలు సెంటర్‌కు వస్తరు. అంతకన్న చిన్నోళ్ళ ఇండ్లకు మేమే పోతం. 2024ల కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ "నవచేతన" అని ఒకటి తెచ్చింది. పుట్టిన కాడినుంచి మూడేండ్ల దాక 36 నెలలకు నెలవారీగ 140 ఆటలు ఉన్నయి అండ్ల. అన్ని ఇంట్ల ఉన్న సామాన్లతోనే. ఎవ్వరు పైసలు పెట్టి కొనాల్సింది లేదు. గర్భిణీ అప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు ఉంటది చూడుర్రి, చానామంది టీకాల పేజీ ఒక్కటే చూసి పెట్టెల పెడ్తరు. ఏ నెలల బిడ్డ ఏం చేస్తడు, ఎట్ల ఆడిపియ్యాలె అని బొమ్మలతోని అండ్లనే ఉంటది.

పోయిన ఎండకాలం ఒక తల్లి నన్ను "ఆడిపిచ్చే టైం యాడిది టీచర్, బట్టలు ఉతుకాలె, బోళ్ళు తోమాలె" అన్నది. ఆమె పోరనికి ఏడాదిన్నర. నువ్వు బట్టలు ఉతికే కాడనే వాన్ని కూసోవెట్టు అన్న. వెడల్పు బేసిన్ల నాలుగు వేళ్ళ నీళ్ళు, రెండు గ్లాసులు, ఒక జల్లెడ. ఆ జల్లెడల నీళ్ళు నింపుదామని చూసిండు. పైకి లేపంగనే ఖాళీ. కింద చేయి పెట్టి చూసిండు, మల్ల ముంచిండు, మల్ల లేపిండు. గ్లాసు తీస్కొని జల్లెడల పోసి కింద ఇంకో గ్లాసు పెట్టిండు. ఎవ్వరు చెప్పలే వానికి. తల్లి ఉతుకుడు ఆపి చూస్కుంట నవ్వుతాంది.

ఒక్కటే మాట. చెయ్యి అందేంత దూరంల పెద్దోళ్ళు ఉండాలె, ఆట అయిపోంగనే నీళ్ళు పారబోయాలె. బెత్తెడు నీళ్ళ బకెట్ల కూడ పిల్లలు తలకిందులుగ పడి మునిగిపోతరు.

తణుకు_బొమ్మలకొట్టు

బొమ్మలమ్ముకునేవాణ్ణి నేను కూడా గిన్నెలకే ఓటేస్తే వ్యాపారం ఏం కాను! అయినా చెప్పాల్సినవి చెప్తాను.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. పెట్టె వెనక చూడండి, లేకపోతే వదిలేయండి. నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద మార్కు లేదని భయపడక్కర్లేదు. అంకుడు కర్ర చక్రం మీద తిప్పి, లక్కతో రంగు పట్టిస్తారు. నున్నగా, మూలలు లేకుండా ఉంటాయి. గిలక్కాయ, బొంగరం, తోసుకునే బొమ్మలు బాగుంటాయి. కొండపల్లి బొమ్మలు అందమైనవే కానీ తేలిక పొనికి చెక్క మీద పూసిన రంగు అది. నోట్లో పెట్టుకునే వయసు దాటేదాకా అద్దాల బీరువాలోనే ఉంచండి. లక్క పిడతలు కూడా అంతే, ఆ చిట్టి మూతలు గొంతుకి సరిగ్గా సరిపోతాయి.

మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. అందులో ఇమిడిపోయే ముక్క ఏదున్నా పనికిరాదు. ఇంట్లో టిష్యూ రోల్ మధ్య అట్ట గొట్టం దానికంటే కాస్త పెద్దదే. అందులోంచి దూరిపోయేవాటిని దూరం పెట్టండి.

గోదారమ్మాయి గారూ, ఆ పాట పాడే ఏనుగు అడుగున బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో ముందు చూడండి. గుండీలా ఉండే ఆ చిన్న బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. మింగాడని అనుమానం వచ్చినా ఇంట్లో ఆగకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి.

అమలాపురం_అమ్మమ్మ

చింతగింజలు, గచ్చకాయలు, గవ్వలు చిన్నపిల్లల చేతికివ్వకండి. పల్లీలు, సెనగలు అసలే వద్దు. మా చిన్నప్పుడు ఆడలేదా అంటారు కొందరు. మేం ఆడింది ఐదారేళ్ళు వచ్చాక.

గోదారమ్మాయి

ఏనుగుకి స్క్రూ ఉందండి, కానీ వదులుగా ఉంది. బిగించి పైన పెట్టేశాను.

కింద అరలో పగిలేవి, పదునైనవి తీసేసి, మూడు స్టీలు గిన్నెలు, ఇడ్లీ పాత్ర రేకులు, చెక్క గరిటె ఉంచాను. కింద పాత బొంత పరిచాను, ఇప్పుడు మోత సగానికి సగం తగ్గింది. నిన్న ఇడ్లీ రేకు చిల్లుల్లో చూపుడువేలు పెట్టి తీస్తూ కూర్చున్నాడు. ప్రతి చిల్లూ! అత్తయ్యగారు "చూశావా" అన్నట్టు నా వంక చూశారు. చున్నీ కింద రింగు దొరికింది, రెండు చున్నీల దగ్గర మాత్రం చున్నీల్నే నమలడం మొదలెట్టాడు.

ఇంకో సమస్య. మా మావయ్య చక్రాల వాకర్ పంపించారు. గుండ్రంగా, మధ్యలో కూర్చోబెట్టేది. ఆయన వచ్చినప్పుడు బాబుని అందులో తిప్పకపోతే నొచ్చుకుంటారు. వాడొచ్చా?

విశాఖ_ఫిజియో

వద్దండీ. నడక దానివల్ల త్వరగా రాదు సరికదా, మునివేళ్ళ మీద తోసుకోవడం అలవాటవుతుంది. వాకర్లో ఉన్న పిల్లాడు మనం లేచేలోగా మెట్ల దగ్గరికో, పొయ్యి మీద గిన్నె అందే చోటికో వెళ్ళిపోతాడు. కెనడా 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది. చక్రాలు తీసేసి బొమ్మలు పెట్టుకునే బుట్టలా వాడండి, మావయ్యగారికి అది ఇంట్లో కనబడుతుంది.

నిలబడాలని ఉబలాటపడితే సోఫా ఒక చివర బంతి, ఇంకో చివర మీరు. సోఫా పట్టుకుని పక్కకి అడుగులేస్తూ వస్తాడు. ఏడాది అటూ ఇటూ అయ్యాక కర్రతో చేసిన మూడు చక్రాల తోపుడు బండి ఇవ్వొచ్చు, అందులో కూర్చోవడం ఉండదు కాబట్టి కాళ్ళ మీద నిలబడేది వాడే.

నెల్లూరు_చిన్నితల్లి

మా పాప 32 వారాలకే పుట్టింది. ఇప్పుడు 10 నెలలు. కూర్చోబెడితే కూర్చుంటుంది, ఇంకా పాకట్లేదు. పైన రాసినవన్నీ చదువుతుంటే గుండె దడగా ఉంది. వెనకబడిందా?

విశాఖ_ఫిజియో

తల్లీ, 40 వారాల లెక్కన మీ పాప 8 వారాలు ముందు పుట్టింది. ఆ రెండు నెలలూ తీసేసి చూడాలి. అంటే ఆటలకి ఆమె వయసు ఎనిమిది నెలలు. ఇలా తీసేసి చూడడం రెండేళ్ళ దాకా చేస్తాం. ఎనిమిది నెలలకి ఆసరా లేకుండా కూర్చుంటుంటే బాగానే ఉంది. కూర్చున్నప్పుడు బొమ్మని ముందు కాకుండా పక్కన, కొంచెం అందీ అందనట్టు పెట్టండి. నడుం తిప్పి, చెయ్యి నేలకి ఆనించి అందుకోవడమే పాకడానికి తొలి మెట్టు.

ఎవరి పిల్లలైనా సరే, ఏడాది లోపే ఎప్పుడూ ఒకే చేత్తో అందుకుంటూ రెండో చెయ్యి పిడికిలి బిగించే ఉన్నా, పిలిస్తే తిరగకపోయినా, అంతకుముందు చేతనైన పని ఇప్పుడు చేయలేకపోతున్నా ఎదురుచూడకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించే కేంద్రం ఉంటుంది, అక్కడ ఇలాంటి పరీక్షలు, థెరపీ ఉచితం.

కూకట్‌పల్లి_కవలలు

మావాళ్ళకి రెండేళ్ళు దాటాయి. ఇద్దరికీ ఒకే ఎర్ర డబ్బా కావాలి. "షేర్ చేసుకోండి" అని అరిచి అరిచి గొంతు పోయింది. కలిసి ఆడుకునే ఆటలేమైనా ఉన్నాయా?

కరీంనగర్_టీచరమ్మ

రెండేండ్లకు కలిసి ఆడుకోరు బిడ్డా, పక్కపక్కన కూసొని ఎవరిది వాళ్ళే ఆడుకుంటరు. ఇచ్చిపుచ్చుకునుడు మూడు దాటినంక మెల్లగ వస్తది. ఎర్ర డబ్బాలు రెండు పెట్టుర్రి, అయిపాయె. చపాతీ పిండి కలిపేటప్పుడు చెరొక ముద్ద ఇయ్యుర్రి. ఒకడు పాము చేస్తడు, ఒకడు రొట్టె అంటడు. నీకు రొట్టె తెచ్చి పెడితే ఉత్తిత్తిగ తిని, "ఉప్పు తక్కువయింది" అను. మల్ల ఉప్పు తెస్తడు. ఈ వయసుకు ఉత్తుత్తి ఆటలే పెద్ద ఆటలు.

అనంతపురం_నాన్న

ఉత్తుత్తి ఆట మా పాప ఇప్పుడే మొదలుపెట్టింది. రిమోట్ చెవికి పెట్టుకుని "అలో" అంటాంది. చార్టు మాత్రం నేను తీయలేదు! బుధవారం గడిలో "నీళ్ళు, జల్లెడ" అని రాసినా, అంతే. అన్నం దగ్గర ఫోన్ ఆపితే మొదట్లో బాగా ఏడ్చింది. ఇప్పుడు తన గిన్నెలోంచి నా నోట్లో పెడుతూ తింటాంది, ఇల్లంతా మెతుకులే.

@తణుకు_బొమ్మలకొట్టు అన్నా, మూడు చక్రాల కర్ర బండి తెచ్చినా. మా ఇంట్లో నున్నటి టైల్స్. బండి ముందుకు జారిపోతాంది, పాప బోర్లా పడుతాంది. ఏం చెయ్యాల?

తణుకు_బొమ్మలకొట్టు

చక్రాలకి పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి, సాగదీసి తొడిగించండి, పట్టు వస్తుంది. బండి ముందు భాగంలో రెండు కిలోల బియ్యం మూట కట్టండి, అప్పుడు తోస్తే తప్ప కదలదు. పాపకి సాక్సులు తీసేయండి, టైల్స్ మీద ఉత్త కాళ్ళే మేలు.